ఒకే గొంతు, రెండు అయస్కాంతములు

ఇంట రేడియో ఉన్నవారందరు దాని ముందు భాగమును చూచినవారే. వెనుక అట్టను విప్పి చూచినవారు మాత్రము తక్కువ. ముందు భాగమున నేతగుడ్డ, ఆ గుడ్డ చాటున గుండ్రని కాగితపు గరాటు. దానినే మనము లౌడుస్పీకరని పిలుచుచున్నాము. 1930 మొదలు 1950 వరకు తయారైన రేడియోలను రెండింటిని తెచ్చి, వాని స్పీకర్లను ఊడదీసి, బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి చూతము. రెండును ఎనిమిది అంగుళములవే కావచ్చును; కాగితము ఒకటే, చట్రము ఒకటే, మర లుండు చోట్లు సైతము ఒకటే కావచ్చును. ముందునుండి చూచిన కవల పిల్లలు. వెనుకకు త్రిప్పినంతనే పోలిక పోవును. ఒకదాని వీపున పిడికెడంత ఇనుపకుండ, దానినుండి వ్రేలాడు అదనపు తీగలు. రెండవదాని వీపున తీగలు లేని చిన్న లోహపు దిమ్మె.

వేయిస్తంభముల గుడిని, రామప్ప గుడిని పోల్చి చూచుట ఓరుగంటివారికి అలవాటే. 1163 నాటి ఆ గుడికి, 1213 నాటి ఈ గుడికి నల్లరాతి స్తంభముల నునుపు ఒకటే. కాని రామప్ప శిఖరమునందు నీటిపై తేలు ఇటుక కలదని తెలిసినవారే ఆ కట్టడపు రహస్యమును గ్రహింపగలరు. స్పీకర్ల సంగతియు నట్టిదే. ఈ రెండింటి భేదము తయారుదారుల ఇష్టాయిష్టముల వలన పుట్టినది కాదు. ఆ రేడియో చేరబోవు ఇంటికి విద్యుత్తు తీగ ఉన్నదా, లేదా అను ప్రశ్న వలన పుట్టినది. పాత సెట్లను మరమ్మతు చేయించుకొను గృహస్థులు ఈ సంగతి ఎరుగనందున నేటికిని ఎన్నో మంచి రేడియోలు పాతసామానుల కొట్లకు చేరుచున్నవి. కనుక కొంత చరిత్ర, కొంత నిర్మాణము ఇచట చెప్పదలచినాము.

అయస్కాంత క్షేత్రమున వ్రేలాడు తీగచుట్ట విద్యుత్తు వలన కదలునను భావమునకు 1874లోనే జర్మనీ దేశీయుడు వెర్నర్ సీమెన్సు పేటెంటు పొందెను. 1898లో ఇంగ్లండున సర్ ఆలివర్ లాడ్జి దానిని మరికొంత ముందుకు నడపెను. కాని అప్పటికి శబ్దపు విద్యుత్తును పెద్దదిగా చేయు వాల్వు లేదు. గొంతు లేనివానికి బాకా ఇచ్చిన చందమాయెను. 1915లో కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున పీటర్ జెన్సెను, ఎడ్విన్ ప్రిడ్హాము అను ఇరువురు ఈ తీగచుట్టకు బాకాను తగిలించి, బహిరంగ సభలకు పనికివచ్చు యంత్రమును నిర్మించి మాగ్నవాక్సు అని పేరిడిరి. లాటిను భాషలో ఆ మాటకు మహాస్వరమని అర్థము. 1919లో అధ్యక్షుడు విల్సను శాండియేగోలో వేలాది జనులను ఉద్దేశించి ప్రసంగించినప్పుడు ఆయన గొంతును మోసినది ఆ యంత్రమే.

ఇంటిలోపలి స్పీకరు కథ మాత్రము 1925లో మొదలగును. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయు చెస్టర్ రైసు, ఎడ్వర్డ్ కెల్లాగు ఆ సంవత్సరము తమ పరిశోధన పత్రమును చదివిరి. బాకా అక్కరలేదు, చిన్న కాగితపు గరాటును తీగచుట్టకు అంటించి, ఒక పలకకు కోసిన రంధ్రమున బిగించిన చాలునని వారు చూపిరి. పలక యెందులకన, గరాటు ముందుకు పోయినప్పుడు ముందు గాలి ఒత్తిడి పొందును, వెనుక గాలి పలుచబడును. నడుమ అడ్డు లేనిచో ఈ రెండును కలిసి మంద్రస్వరము చచ్చును. రేడియో పెట్టె యొక్క కొయ్య చేయుచున్న పని అదియే. స్పీకరును పెట్టెనుండి తీసి బల్లమీద పెట్టి మ్రోగించి, 'ఇది చెడిపోయినది, పీలగా పలుకుచున్నది' అనువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇక రెండింటికి సామాన్యమైన భాగములు. కాగితపు గుజ్జుతో పోసిన గరాటు. దాని అంచున అలలవంటి ముడతలు. ఆ అంచు ఇనుప చట్రమునకు అంటింపబడి యుండును. గరాటు కొనవద్ద సన్నని కాగితపు గొట్టము, దానిపై కొన్ని పదుల చుట్ల రాగితీగ. దీనిని వాయిస్ కాయిలందురు. దీని నిరోధము సాధారణముగా రెండు మూడు ఓములు. ఈ గొట్టము ఒక ఇనుప దిమ్మె చుట్టునున్న ఇంచుమించు ఒక మిల్లీమీటరు సందులో ఎటును తాకక ముందునకు వెనుకకు ఆడవలెను. అది ప్రక్కకు ఒరుగకుండ నిలుపు సాధనము పేరు స్పైడరు. తొలినాటి స్పీకర్లలో అది గరాటు నడుమ ముందువైపుననే, సాలెపురుగు కాళ్లవలె కోసిన ఫైబరు బిళ్లగా, ఒక మరతో బిగింపబడి కనబడును. తరువాతి వానిలో గరాటు వెనుకకు పోయి, జిగురు పట్టించిన ముడతల గుడ్డగా మారెను. స్పీకరు వయస్సు చెప్పుటకు ఇంతకంటె సులభమైన గురుతు లేదు.

ఈ సందులో బలమైన అయస్కాంత క్షేత్రముండవలెను. పాటను మోయు విద్యుత్తు వాయిస్ కాయిలులో ప్రవహించునపుడు ఆ క్షేత్రమే దానిని నెట్టును, లాగును. క్షేత్రము బలహీనమైనచో గొంతు బలహీనము. 1925 నాటికి దొరకు ఉక్కు అయస్కాంతములు ఇంత పనికి చాలినవి కావు. చాలినంత బలము కావలెనన్న అవి మోయలేనంత పెద్దవి కావలెను. కనుక రైసు, కెల్లాగులు విద్యుదయస్కాంతమును ఆశ్రయించిరి. ఇనుపకుండ నడుమ ఒక దిమ్మె, దాని చుట్టు వేల చుట్ల సన్నని రాగితీగ. ఆ తీగలో నిరంతరము విద్యుత్తు పారుచున్నంతసేపు దిమ్మె అయస్కాంతము; స్విచ్చి ఆర్పినంతనే వట్టి ఇనుము. దీనినే ఫీల్డు కాయిలు స్పీకరందురు. పది పండ్రెండు సంవత్సరములు ఇంటింటి రేడియోలలో దీనిదే రాజ్యము.

ఆ తీగచుట్ట ఎంతటిదో లెక్కకట్టి చూచిన ఆశ్చర్యము కలుగును. మెయిన్సు రేడియోలలో ఫీల్డు కాయిలు నిరోధము తరచుగా 1000 మొదలు 2500 ఓముల వరకుండును. 0.2 మిల్లీమీటరు మందము గల రాగితీగతో 1500 ఓములు రావలెనన్న ఇంచుమించు 2.7 కిలోమీటర్ల తీగ, ముప్పాతిక కిలో రాగి కావలెను. వరంగల్లు స్టేషనునుండి హనుమకొండ చౌరస్తాకు పోవు దారిలో ఇంచుమించు సగము దూరము పరచదగిన తీగ ఆ పిడికెడు కుండలో ముడుచుకొని యున్నది.

ఇంత ఖర్చునకు ఓర్చుకొనుటకు మరియొక కారణము కలదు. మా దృష్టిలో ఈ నిర్మాణమంతటిలో సొగసైన భాగమిదే. మన ఇండ్లకు వచ్చునది ఏ.సీ. కరెంటు. సెకండుకు నూరు మారులు దిశ మార్చుకొనునది. వాల్వులకు కావలసినది నిలకడయైన డి.సీ. రెక్టిఫయరు వాల్వు దానిని ఒకే దిశకు త్రిప్పును గాని అలలను అణపదు. సెకండుకు నూరు అలలు మిగులును. ఆ అలలు స్పీకరును చేరినచో గుయ్యిమను రొద. వానిని అణచుటకు ఇనుముపై చుట్టిన పెద్ద తీగచుట్టయు, దానికి రెండు ప్రక్కల రెండు కండెన్సర్లును కావలెను. ఆ తీగచుట్టకు చోకు అని పేరు. ఆనాటి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎనిమిది మైక్రోఫారడ్ల చిన్నవి గనుక చోకు లేక గతి లేదు. ఎట్లును ఒక తీగచుట్ట కొనవలసి యుండగా, స్పీకరునందు మరియొకటి యెందులకు? ఫీల్డు కాయిలునే చోకుగా వాడిరి. 1500 ఓముల చుట్టలో 60 మిల్లీ ఆంపియర్లు పారినపుడు 90 వోల్టులు దానియందు ఖర్చగును, ఐదున్నర వాట్ల ఆ శక్తి అయస్కాంతమును పోషించును, అలలును అణగును. ఒక చుట్టతో రెండు పనులు.

అలలన్నియు అణగవు గదా, ఫీల్డు కాయిలులోనే కొంత అల మిగిలి వాయిస్ కాయిలును కదలించును గదా యని చదువరులు అడుగవచ్చును. దానికిని ఉపాయము పన్నిరి. ఫీల్డు కాయిలు ప్రక్కననే, అదే దిమ్మెపై కొద్ది చుట్ల లావుపాటి తీగను చుట్టి, వాయిస్ కాయిలుతో వరుసగా, విరుద్ధదిశలో కలిపిరి. అల వచ్చినపుడు ఒకటి ముందుకు నెట్టిన మరియొకటి వెనుకకు లాగును. రొద సరికి సరి చెల్లిపోవును. పాత రేడియో మరమ్మతునుండి తిరిగివచ్చిన నాటినుండి గుయ్యిమని మ్రోగుచున్నదనిన, ఈ చిన్న చుట్ట యొక్క రెండు కొనలను తారుమారు చేసి అతికినారేమో మొట్టమొదట చూడవలెను.

ఈ ఏర్పాటునకు ఒక లోపము కూడ కలదు. సాయంకాలము దీపములన్నియు వెలిగి వోల్టేజి తగ్గిన వేళ వాల్వులకు బలము తగ్గుటయే గాక, ఫీల్డు కాయిలులో కరెంటు తగ్గి అయస్కాంతము సైతము కొంత నీరసించును. గొంతు రెండు విధముల సన్నగిల్లును.

ఇంతవరకు చెప్పినది కరెంటు గల ఇంటి కథ. వరంగల్లు నాడు నిజాము రాజ్యమున సుబా కేంద్రము. 1934లో స్థాపితమైన ఆజంజాహి మిల్లు, కాజీపేట రైలు జంక్షను దానికి పట్టణపు రూపమిచ్చినవి. అయినను కరెంటు తీగ చేరిన వీధులుండెను, చేరని వీధులుండెను. ఇక ములుగు, పరకాల, నర్సంపేట ప్రాంతపు పల్లెలలో అధిక భాగమునకు 1950ల తరువాతగాని విద్యుత్తు రాలేదు. మరి వినవలసిన ప్రసారములో? 1935లో నిజాము ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న హైదరాబాదు కేంద్రము దక్కను రేడియోగా ఉర్దూకు పెద్దపీట వేసి, తెలుగునకు కొంత చోటిచ్చుచుండెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. 1950 ఏప్రిల్ 1న దక్కను రేడియో ఆకాశవాణిలో చేరెను. తెలుగు మాట ఆకాశమున నున్నది. దానిని దింపుకొనుటకు ఇంట కరెంటు లేదు.

కరెంటు లేనిచోట బ్యాటరీ. అందుకొరకు తయారైన సెట్లలో 1.4 వోల్టుల చిన్న వాల్వులు, 90 వోల్టుల పొడి బ్యాటరీ యుండెడివి. ఆ బ్యాటరీనుండి సెట్టు మొత్తము తీసికొనునది పదిపండ్రెండు మిల్లీ ఆంపియర్లు; అనగా ఒక వాటుకు అటునిటు. ఇచట ఫీల్డు కాయిలు పెట్టినచో? దాని ఒక్కదాని ఆకలి ఐదారు వాట్లు. ఇల్లంతయు తినునంత అన్నము ఒక్క పనివానికే పెట్టవలసి వచ్చును. ఖరీదైన బ్యాటరీ వారము తిరుగకుండ చచ్చును. మోటారుకార్లలో ఆరు వోల్టుల తడి బ్యాటరీతో పనిచేయు ఫీల్డు కాయిళ్లు కొన్ని వచ్చినవి గాని, బ్యాటరీని ఛార్జి చేయు ఇంజను కారునందే యున్నది. పల్లె ఇంట లేదు. కనుక బ్యాటరీ సెట్టునకు తిండి అడుగని అయస్కాంతమే శరణ్యము.

అట్టి అయస్కాంతము తూర్పుననే పుట్టెను. 1931లో టోక్యో విశ్వవిద్యాలయాచార్యుడు తోకుషిచి మిషిమా ఇనుము, నికెలు, అల్యూమినియము కలిపిన మిశ్రలోహము ఇంతకుముందున్న ఉక్కులకంటె ఎంతో బలముగా అయస్కాంతమును నిలుపుకొనునని కనుగొనెను. దీనికి కోబాల్టు చేరి ఆల్నికో అను కుటుంబమాయెను. కరిగించి పోసిన దిమ్మెను అయస్కాంత క్షేత్రమునందే చల్లార్చినచో బలము ఇంకను హెచ్చునని 1930ల చివర తెలిసెను. అంతతో ముష్టి కాయంత దిమ్మె పిడికెడు కుండ పనిని చేయగలిగెను. ఇదియే బల్లమీది మన రెండవ స్పీకరు. మరమ్మతుదారులు దీనిని పీ.ఎం. స్పీకరందురు, పర్మనెంటు మాగ్నెటునకు అది కురచ పేరు.

అంతలో యుద్ధము వచ్చెను. 1942లో అమెరికాలో గృహ రేడియోల తయారీయే నిలిపివేయబడెను. ఇచట మన ఇండ్లలో ఉన్న సెట్టునే కాపాడుకొనవలసి వచ్చెను. యుద్ధానంతరము కర్మాగారములు తెరచునప్పటికి అయస్కాంతము చవుకయైనది. కండెన్సర్లు 16, 32, 50 మైక్రోఫారడ్లకు పెరిగినవి. చోకు లేకుండ ఒక రెసిస్టరుతోనే అలలు అణగుచున్నవి. ఫీల్డు కాయిలు చేయుచున్న రెండు పనులును ఒకేసారి ఊడినవి. మెయిన్సు సెట్లలోనికి సైతము పీ.ఎం. స్పీకరు వచ్చి కూర్చున్నది. బీదవాని ఇంటికొరకు ఏర్పడినది భాగ్యవంతుని ఇంటను పెద్దరికము పొందెను. ఇట్టిది యంత్రముల చరిత్రలో తరచుగా జరుగునది కాదు.

పల్లెలకు రేడియో మాట చేర్చినదియు పీ.ఎం. స్పీకరే. 1950లలో సామూహిక శ్రవణమునకు పంచాయతీలకు సెట్లిచ్చిరి. 1956లో పూనా ప్రాంతపు పల్లెలలో రేడియో గ్రామీణ గోష్ఠుల ప్రయోగము జరిగెను. 1959లో దేశమంతట దానిని విస్తరింపజేసిరి. కరెంటు లేని ఊరిలో చావడి గోడకు బిగించిన పెట్టెనుండి ధరవరలు, వాతావరణము, వ్యవసాయదారుల కార్యక్రమము వినిపించినదనిన, బ్యాటరీలోని పిడికెడు శక్తిలో ఒక్క చుక్కయైన అయస్కాంతమునకు వ్యర్థము కాకుండుట వలననే. వరిమడినుండి వచ్చి గుమిగూడిన రైతునకు ఆ సంగతి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు.

ఇపుడు పాతసెట్టు గల ఇంటివారికి చెప్పవలసిన మాట. మీ స్పీకరు ఏ జాతిదో తెలిసికొనుట సులభము. ప్లగు పూర్తిగా ఊడదీసిన పిమ్మట చిన్న స్క్రూడ్రైవరు కొనను వెనుకనున్న దిమ్మెకు తాకింపుడు. పట్టి లాగినచో పీ.ఎం.; పట్టుకొననిచో ఫీల్డు కాయిలు. ప్లగు పెట్టి యుండగా ఫీల్డు కాయిలు తీగలను ముట్టరాదు; వానియందు మూడువందల వోల్టుల వరకుండవచ్చును. ఫీల్డు కాయిలు తెగినచో సెట్టంతయు మూగబోవును, ఏలయన వాల్వులకు పోవు కరెంటు ఆ త్రోవనే పోవలెను. పీ.ఎం. స్పీకరు చెడినచో గొంతు ఒక్కటే పోవును. తక్కిన సెట్టు బ్రదికియే యుండును.

ఇచటనే అపాయమున్నది. ఫీల్డు కాయిలు తెగినదనగానే కొందరు దానిని పారవైచి, అదే కొలత గల క్రొత్త పీ.ఎం. స్పీకరును బిగించి, మిగిలిన రెండు తీగలను ఒకదానితో నొకటి ముడివేయుదురు. సెట్టు పలుకును. ఆ దినము పలుకును. కాని ఫీల్డు కాయిలు తీసికొనవలసిన 90 వోల్టులు ఇపుడు వాల్వులమీద పడినవి. చోకు లేనందున రొద పెరిగినది. కొద్ది దినములలో కండెన్సరు ఉబ్బి పగులును, అవుట్‌పుట్ వాల్వు సత్తువ ఉడుగును. అంతట సెట్టునకే ఆయువు తీరినదని గృహస్థుడు దానిని తూకమునకు అమ్మును. కుండలోని రాగికి మాత్రము కొట్టువాడు మంచి ధర కట్టును. మార్చక తప్పనిచో, ఫీల్డు కాయిలు ఎన్ని ఓములదో అన్ని ఓముల నిరోధము, చోకు నిరోధమును అందులో కలుపుకొని, పది వాట్లకు తగ్గని రెసిస్టరుతో కూర్చి పెట్టించవలెను. సెట్టు లోపలి అట్టపై అంటించిన పటమునందు తరచుగా ఆ అంకె యుండును.

రెండింటిలో ఏది బాగుగ పలుకునని మమ్ము అడుగుదురు. సందులోని క్షేత్రబలము సమానమైనచో చెవికి భేదము తెలియదని మా అభిప్రాయము. గరాటు కాగితము, పెట్టె కొయ్య, అవుట్‌పుట్ ట్రాన్సుఫార్మరు ఇవియే గొంతును తీర్చును. ఫీల్డు కాయిలుకు వెచ్చదనము, మార్దవము ఎక్కువ యని చెప్పువారున్నారు. వెచ్చదనము నిజమే, గంటసేపు పాడిన పిమ్మట కుండను ముట్టిన తెలియును! నేటికిని కొందరు చిన్న తయారుదారులు రసికులకొరకు క్రొత్తగా ఫీల్డు కాయిలు స్పీకర్లను చేయుచున్నారు. వారి శ్రద్ధను మేము కాదనము గాని, చెవికంటె మనసు ముందుగా విని యుండునేమోయని అనుమానము.

విప్పి శుభ్రము చేయుటలో మాత్రము భేదము స్పష్టము. కరెంటు లేనపుడు ఫీల్డు కాయిలు వట్టి ఇనుము గనుక కుండను విప్పి, సందులోని దుమ్మును తుడిచి మరల బిగింపవచ్చును. పీ.ఎం. స్పీకరు రేయింబవళ్లు ఇనుపరజమును లాగికొనుచునే యుండును. ఆ రజము సందులో చేరినచో గొంతు గరగరలాడును. పోనీ విప్పుదమన్న, ఆల్నికోను దాని ఇనుప చట్రమునుండి వేరుచేసినంతనే దాని బలము చాలవరకు పోవును. మరల కూర్చినను తిరిగిరాదు. కనుక దానిని విప్పరాదు.

ఆల్నికో రాజ్యమును శాశ్వతము కాలేదు. 1950ల ఆదిలో ఫిలిప్సు పరిశోధనశాల ఇనుప తుప్పుజాతి పదార్థమును బేరియముతో కాల్చి నల్లని పింగాణి వంటి ఫెర్రైటు అయస్కాంతమును తయారుచేసెను. కోబాల్టులో ఎక్కువభాగము ఆఫ్రికాలోని జయీరునుండి వచ్చెడిది. 1978లో అచట అలజడి చెలరేగి కోబాల్టు ధర మిన్నంటగా స్పీకర్ల తయారుదారులు ఫెర్రైటునకు మరలిరి. తరువాతి స్పీకరు వీపున కనబడు నల్లని వెడల్పాటి వలయమదే.

ఇండ్లలో మిగిలిన ఫీల్డు కాయిళ్లు ప్రధానముగా చెమ్మవలన చచ్చుచున్నవి. వానకాలపు తేమ చేరి సన్నని తీగపై పచ్చని చిలుము పట్టి, ఎక్కడనో ఒకచోట తెగును. పైపొరలో తెగినచో కొనను వెదకి అతుకవచ్చును. లోన తెగినచో మరల చుట్టింపవలెను. వ్యవసాయపు మోటార్లకు తీగ చుట్టు దుకాణములు వరంగల్లునందు కొరతగా లేవు. ఆ పనివారి చేతికి ఇది కష్టమైన పని కాదు. విప్పునపుడే పాత తీగ గేజిని కొలిచి, రాగిని తూచి, ఆ రెండంకెలను చీటీపై వ్రాసి కుండలోపల అంటింపుమని వారితో చెప్పవలెను; అదే గేజి, అదే బరువు చుట్టినచో ఓములును ఇంచుమించు అవే వచ్చును.